పట్టేసే సొరుగు, వంగే తలుపు

పాత వంటింటికి కొత్త తలుపులు, సొరుగులు పెట్టించే ముందు తెలుసుకోవాల్సిన భౌతికశాస్త్రం

మే నెలలో చేయించిన వంటింటి తలుపు ఆగస్టు వచ్చేసరికి మూతపడనంటుంది. మేస్త్రీకి కబురు వెళ్తుంది. ఆయన వచ్చి, అంచుని కాస్త చిత్రిక పట్టి, తలుపు పడేలా చేసి, పూట కూలీ తీసుకుని వెళ్తాడు. మళ్లీ ఎండలు ముదిరేసరికి అదే తలుపు పక్కన పెన్సిల్ దూరేంత సందు. బొద్దింకలకి అంతకన్నా ఏం కావాలి! పనితనం బాగాలేదని ఇంటివాళ్లు అంటారు, కర్ర పచ్చిదని మేస్త్రీ అంటాడు. ఇద్దరి మాటలోనూ కాస్త నిజం లేకపోలేదు. అసలు ముద్దాయి మాత్రం గాల్లో తేమ.

శంషాబాద్ మండలంలో హిమాయత్‌సాగర్ పక్కనున్న కొత్వాల్‌గూడ లాంటి ఊళ్లలో ఈ తగువు ఇప్పుడు ఎక్కువగా వినిపించడానికి కారణం ఉంది. 2008 మార్చిలో విమానాశ్రయం మొదలయ్యాక, ఔటర్ రింగ్ రోడ్డు వచ్చాక చుట్టుపక్కల కొత్త విల్లాలు లేచాయి. వాటిలో ఫ్యాక్టరీలో తయారై పెట్టెల్లో వచ్చిన మాడ్యులర్ కిచెన్లు వెలిశాయి. అదే సమయంలో, మూసీ జలాశయాల రక్షణ కోసం 1996లో వచ్చిన 111 జీవో వల్ల ఈ పరీవాహక ప్రాంతంలో పెద్ద కట్టడాలకి ఏళ్ల తరబడి హద్దులుండేవి. పడగొట్టి కట్టడం కంటే ఉన్నదాన్ని బాగుచేసుకోవడమే చాలామందికి వీలైన దారి అయింది. పాతికేళ్ల నాటి వంటింటి గట్టు కింద కడప బండలో తాండూరు బండలో నిలబెట్టి అరలు చేసి ఉంటాయి. తర్వాత ఎప్పుడో వాటికి ఓ కర్ర ఫ్రేమ్ బిగించి, నాలుగు సన్‌మైకా తలుపులు పెట్టించి ఉంటారు. ఇప్పుడు ఆ తలుపులు తీసేసి కొత్తవి పెట్టాలి, వంగి వెతుక్కునే అరల చోట లాగితే బయటికొచ్చే సొరుగులు రావాలి. గట్టు మాత్రం కదపకూడదు.

ఇది వినడానికి చిన్న పనే. కానీ కదలని బండకీ, ఏడాది పొడవునా కదిలే కర్రకీ, మిల్లీమీటరు తేడా ఒప్పుకోని ఉక్కు ఛానెల్‌కీ సంధి కుదర్చడమే ఇందులో అసలు పని.

కర్ర ఎటు పెరుగుతుంది?

చెట్టుని కోసి ఎన్నేళ్లయినా కర్ర గాలితో నీళ్ల లావాదేవీ మానదు. కర్ర కణాల గోడల్లో ఉండే సెల్యులోజ్‌కి, దాని తోటి పదార్థాలకి నీటి అణువులంటే ఆకర్షణ. గాల్లో తేమ పెరిగినప్పుడు ఆ అణువులు గోడల పోగుల మధ్య దూరి కూర్చుంటాయి. పోగులు పక్కలకి జరుగుతాయి. కర్ర ఉబ్బుతుంది. గాలి పొడిబారితే అవే అణువులు లేచి పోతాయి, కర్ర ముడుచుకుంటుంది.

ఈ ఉబ్బు అన్ని వైపులా ఒకేలా ఉండదు. పోగులు చెట్టు నిలువునా ఉంటాయి కాబట్టి పలక పొడవులో మార్పు లెక్కలోకి రానంత తక్కువ. మార్పంతా వెడల్పులోనే. అందులోనూ వలయాల వెంబడి వచ్చే ఉబ్బు, మాను నడుమ నుంచి బెరడు వైపు వచ్చే ఉబ్బుకి దాదాపు రెట్టింపు. టేకు ఈ విషయంలో బుద్ధిమంతురాలు. పచ్చి కర్ర పూర్తిగా ఎండిపోయేసరికి వలయాల వెంబడి 6 శాతం లోపు, నడుమ నుంచి బెరడు వైపు 2.5 శాతం దగ్గర తగ్గుతుంది. చాలా జాతుల కంటే ఇది తక్కువ. వడ్రంగులు టేకుని మెచ్చుకోవడానికి రంగు ఒక్కటే కారణం కాదు.

హైదరాబాద్ వాతావరణంలో పెట్టి చూస్తే లెక్క ఇలా వస్తుంది. ఏప్రిల్, మే మధ్యాహ్నాల్లో గాలిలో తేమ 30 శాతం దగ్గరికి పడిపోతుంది. అలాంటి గాలిలో ఎక్కువ కాలం ఉన్న కర్రలో నీరు 6 శాతం దగ్గర నిలుస్తుంది. ఆగస్టులో గాలి తేమ 70, 80 శాతానికి చేరినప్పుడు కర్రలో నీరు 14 శాతం దాకా పెరగగలదు. ఈ ఎనిమిది శాతం తేడాకి 40 సెం.మీ. వెడల్పున్న టేకు పలక దాదాపు 6 మి.మీ. పెరుగుతుంది. నిజానికి పాలిష్ తేమ రాకపోకల్ని నెమ్మదింపజేస్తుంది, కర్ర పూర్తిగా తేరుకునేలోపే రుతువు మారిపోతుంది. అందువల్ల ఇంట్లో కనిపించే మార్పు ఇందులో సగమే ఉండొచ్చు. మూడు మిల్లీమీటర్లు చాలు, తలుపు ఫ్రేమ్‌కి పట్టేయడానికి.

పాతకాలపు వడ్రంగులు దీనికి విరుగుడు ఎప్పుడో కనిపెట్టారు. పాత ఇళ్ల గుమ్మం తలుపుల్లో నాలుగు పట్టీల చట్రం, మధ్యలో పలక ఉంటాయి. ఆ పలకని చట్రం గాడిలో జిగురు లేకుండా వదులుగా దించుతారు. అది ఉబ్బినా ముడుచుకున్నా గాడి లోపలే, చట్రం కొలత మారదు. కొత్త తలుపులు టేకులోనే కావాలనుకునేవాళ్లు మేస్త్రీని అడగాల్సిన మొదటి ప్రశ్న ఇది: గాడిలో పలకకి జిగురు పెడతారా? పెడతానంటే ఆ పలక ఏదో ఒక ఎండాకాలంలో నిలువునా చీలుతుంది.

ప్లైవుడ్‌లో ఈ విరుగుడు పుట్టుకతోనే ఉంది. మానుని పెద్ద కత్తి మీద తిప్పుతూ తీసిన పల్చని పొరల్ని ఒకటి నిలువుగా, ఒకటి అడ్డంగా పేర్చి అతికిస్తారు. ఒక పొర వెడల్పులో పెరగబోతే, దాన్ని అంటుకున్న పై పొర, కింది పొర తమ పోగుల పొడవుతో పట్టి ఆపుతాయి. 40 సెం.మీ. ప్లై తలుపులో రుతువుల తేడా ఒక మిల్లీమీటరు కూడా ఉండదు.

సిలిండర్‌లో దాగిన 22 లీటర్లు

చెరువు పక్క ఊరు కాబట్టి తేమ ఎక్కువ అనుకోవడం సహజం. వంటింటి కబోర్డుకి మాత్రం చెరువు కంటే దగ్గర చుట్టం పొయ్యే.

గ్యాస్ మండటమంటే అందులోని హైడ్రోజన్ గాల్లోని ఆక్సిజన్‌తో కలిసి నీరు కావడం. కిలో ఎల్పీజీ మండితే కిలోన్నరకి పైగా నీటి ఆవిరి పుడుతుంది. అంటే 14.2 కిలోల సిలిండర్ ఖాళీ అయ్యేలోపు ఆ ఇంటి వంటగదిలోకి సుమారు 22 లీటర్ల నీరు ఆవిరి రూపంలో వచ్చి చేరుతుంది. అన్నం గంజి ఆవిరి, కుక్కర్ విజిల్, ఇడ్లీ పాత్ర పొగలు దీనికి అదనం. కిటికీ, ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఇందులో చాలా భాగాన్ని బయటికి పంపుతాయి. మిగిలింది చల్లగా ఉన్న చోట వాలుతుంది. గట్టు బండ అడుగు భాగం, సింక్ కింది గోడ, తలుపుల లోపలి వైపు, అంచులు అలాంటి చోట్లే.

పాత కబోర్డుల్లో సన్‌మైకా ఊడిపోయేది ఎప్పుడూ సింక్ పక్క తలుపు కింది మూలలోనే ఎందుకో ఇప్పుడు అర్థమవుతుంది. సన్‌మైకా షీటు నీటికి జంకదు. రెసిన్‌లో ముంచిన కాగితాల్ని వేడితో, పెద్ద ఒత్తిడితో నొక్కి చేసిన పలక అది. దాన్ని అతికించిన మామూలు తెల్ల ఫెవికాల్ జిగురు సంగతి వేరు. అది నీళ్లలో కలిపి చేసిన జిగురు. ఆరాక గట్టిపడినా రోజూ తడి తగిలితే మళ్లీ మెత్తబడుతుంది. అంచుకి వేసిన పట్టీ సందులోంచి దూరిన నీటి బొట్టు ముందు జిగురుని, తర్వాత ప్లైని పట్టుకుంటుంది. సింక్ దగ్గరి తలుపులకి నీటికి తట్టుకునే రకం జిగురు వాడమని మేస్త్రీకి చెబితే అయ్యే అదనపు ఖర్చు స్వల్పం. చాలా ఇళ్లలో ఆ మాట చెప్పేవాళ్లే ఉండరు.

ఒకవైపే సన్‌మైకా వేస్తే

ఖర్చు తగ్గించే ప్రయత్నంలో తరచుగా జరిగే పొరపాటు ఒకటుంది. తలుపు బయటివైపు మెరిసే షీటు వేసి, లోపలివైపు ఎవరు చూస్తారులే అని ఓ చెయ్యి రంగు వేసి వదిలేస్తారు. ఆరు నెలల్లో తలుపు మూల ముందుకి లేస్తుంది. కబ్జా మార్చినా దిగదు.

డాబా మీద ఆరబెట్టిన అప్పడం ఎండ తగిలిన వైపుకి ముడుచుకుని లేవడం అందరూ చూసిందే. పైవైపు ముందు ఆరి కుంచించుకుపోతుంది, కిందివైపు ఇంకా తడిగానే ఉంటుంది. రెండు ముఖాలూ చెరో కొలతలో ఉన్నప్పుడు పలక వంగక తప్పదు. తలుపు విషయంలోనూ ఇదే. సన్‌మైకా వేసిన ముఖంలోకి తేమ పోదు, వెయ్యని ముఖం ఇష్టమొచ్చినట్టు తాగుతుంది. తాగిన వైపు పెరుగుతుంది, తాగని వైపు అలాగే ఉంటుంది. దానికి తోడు జిగురు ఆరేటప్పుడు షీటు తనవైపు కొంచెం లాగుతుంది.

విరుగుడు చౌక. బయట 1 మి.మీ. షీటు వేస్తే లోపల 0.8 మి.మీ. తెల్ల లైనర్ వెయ్యాలి, నాలుగు అంచులూ మూసెయ్యాలి. నాలుగోది, అంటే తలుపు అడుగు అంచు, ఎవరికీ కనబడదు కాబట్టి తరచుగా ఖాళీగా మిగిలిపోతుంది. గది కడిగిన నీళ్లు ముందు తగిలేది దానికే. తలుపులు ఇంటికొచ్చిన రోజు ప్రతి తలుపునీ తలకిందులు చేసి చూడటం అనుమానం కాదు, జాగ్రత్త.

> ప్లై మీద ముద్రలో ఏముంది?
>
> దుకాణంలో కమర్షియల్ ప్లై అని అమ్మేది సాధారణంగా ఎంఆర్ రకం. ఆ అక్షరాలు గాలి తేమకి తట్టుకుంటుందని చెబుతాయి, నీళ్లలో నానినా పర్వాలేదని కాదు. ఇది ఐఎస్ 303 ప్రమాణం కిందికి వస్తుంది. అదే ప్రమాణంలో బీడబ్ల్యూఆర్ అనే మెరుగైన రకం కూడా ఉంది. మెరైన్ ప్లై లేదా 710 ప్లై అనేది ఐఎస్ 710 కింద వచ్చేది. దాని ముక్కని 72 గంటలు మరిగే నీళ్లలో ఉంచినా పొరలు విడిపోకూడదు.
>
> తేడా ఎక్కువగా జిగురుది. మెరైన్ ప్లైలో ఫినాల్-ఫార్మాల్డిహైడ్ రెసిన్ వాడతారు. ఇది 1907లో లియో బేక్‌లాండ్ తయారుచేసిన బేకలైట్ కుటుంబానిది. ప్రెషర్ కుక్కర్ నల్ల పిడి కూడా ఆ కుటుంబంలోదే. ఒకసారి గట్టిపడితే వేడికీ నీటికీ కరగదు. ఎంఆర్ ప్లైలో వాడే యూరియా-ఫార్మాల్డిహైడ్ జిగురుని నీరు, వేడి కలిసి మెల్లగా విడగొట్టేస్తాయి.
>
> పార్టికల్ బోర్డుకి మరో బలహీనత. కర్ర పొట్టుని బలంగా నొక్కి చేసిన పలక కాబట్టి, నీరు తగిలితే ఆ నొక్కుడు విడిపోయి పొట్టు మళ్లీ పొంగుతుంది. ఆరినా వెనక్కి తగ్గదు. సింక్ కింద దానికి చోటులేదు.

గట్టిగా లాగితే ఇంకా పట్టేస్తుంది

సొరుగుల దగ్గరికి వస్తే అసలైన చిక్కుప్రశ్న ఎదురవుతుంది. పాత కర్ర సొరుగు ఓ పక్క పిడి పట్టుకుని లాగితే సగం వచ్చి ఆగిపోతుంది. బలంగా లాగితే ఇంకా బిగుసుకుంటుంది. మధ్యలో పట్టుకుని మెల్లగా లాగితే చిత్రంగా వచ్చేస్తుంది. బలం పెంచితే పని జరగకపోవడమేమిటి?

ఓ మూల పట్టుకుని లాగినప్పుడు సొరుగు ముందుకి రావడంతో పాటు ఇసుమంత పక్కకి తిరుగుతుంది. తిరిగేసరికి దాని ముందు మూల ఒక గోడని, వెనక మూల ఎదుటి గోడని నొక్కుతాయి. నొక్కిన చోట రాపిడి. చెయ్యి ఎంత బలంగా లాగితే సొరుగు అంత బలంగా తిరగబోతుంది, గోడల్ని అంత గట్టిగా నొక్కుతుంది, రాపిడి అంత పెరుగుతుంది. లాగుడుతో పాటే అడ్డు కూడా అదే పాళ్లలో పెరుగుతుంది కాబట్టి బలానికి ఇక్కడ విలువ లేదు.

విలువ ఉన్నవి రెండే కొలతలు. సొరుగు నడిమధ్య నుంచి చెయ్యి ఎంత పక్కన ఉంది, సొరుగు పొడవులో ఇంకా ఎంత లోపల మిగిలింది. కర్ర మీద కర్ర గరుకుగా జరిగే చోట, రాపిడి నొక్కుడులో దాదాపు సగం ఉందనుకుంటే లెక్క చాలా తేలిక. చెయ్యి మధ్య నుంచి ఎంత దూరంలో ఉందో, లోపల మిగిలిన పొడవు అంతకన్నా తగ్గగానే సొరుగు పట్టేస్తుంది. 80 సెం.మీ. వెడల్పు, 45 సెం.మీ. పొడవు ఉన్న సొరుగుని మధ్య నుంచి 30 సెం.మీ. పక్కన పట్టుకుని లాగితే, 15 సెం.మీ. బయటికి రాగానే ఆగుతుంది. అదే 40 సెం.మీ. వెడల్పు సొరుగైతే అంత పక్కన పట్టుకునే వీలే ఉండదు.

సొరుగు పక్కలకి కొవ్వొత్తి రుద్దడం, సబ్బు రాయడం ఇళ్లలో ఎప్పటి నుంచో ఉన్న చిట్కా. రాపిడి పాలు తగ్గితే పట్టేసే హద్దు దూరం జరుగుతుంది. ఉక్కు గోళీల ఛానెల్ చేసేది అదే పని, మరింత గట్టిగా. జారుడు స్థానంలో దొర్లుడు వస్తుంది. రాపిడి నొక్కుడులో సగం నుంచి నూరో వంతు స్థాయికి పడిపోతుంది. ఇక వెడల్పు సొరుగుని ఏ మూల పట్టుకుని లాగినా పట్టేసే పరిస్థితే రాదు. గట్టు కింద మీటరు వెడల్పు సొరుగులు సాధ్యమయ్యాయంటే ఆ గోళీల చలవే.

వెడల్పు పెరిగిందంటే మరో సమస్య నెత్తిన పడుతుంది, అడుగు పలక కుంగడం. ఒకే తీరుగా బరువు పరిచిన పలక వెడల్పు రెట్టింపైతే కుంగుడు పదహారు రెట్లు. పలక మందం రెట్టింపు చేస్తే కుంగుడు ఎనిమిదో వంతుకి తగ్గుతుంది. స్పూన్ల సొరుగుకి 6 మి.మీ. ప్లై అడుగు సరిపోతుంది. ఇత్తడి గిన్నెలు, పప్పుల డబ్బాలు పెట్టే వెడల్పాటి సొరుగుకి 12 మి.మీ. వేయించడమో, అడుగున మధ్యలో ఓ పట్టీ కొట్టించడమో చెయ్యాలి.

బండల అరలో పెట్టె

ఫ్యాక్టరీ సొరుగు కొని తెచ్చి పాత గట్టు కింద దూర్చడం ఎందుకు కుదరదో చాలామందికి డబ్బు ఖర్చయ్యాకే తెలుస్తుంది. మాడ్యులర్ కిచెన్ల వెనక రెండో ప్రపంచయుద్ధం తర్వాత జర్మనీలో స్థిరపడిన ఓ కొలతల పద్ధతి ఉంది. పెట్టె ముందు అంచుకి 37 మి.మీ. లోపల, 32 మి.మీ.కి ఒకటి చొప్పున 5 మి.మీ. రంధ్రాల వరస. ఛానెలైనా కబ్జా అయినా ఆ రంధ్రాల్లోకే వస్తుంది. పెట్టె మూలలు నిక్కచ్చిగా మూలమట్టానికి ఉంటాయని ఆ పద్ధతి నమ్మకం.

తాపీ మేస్త్రీ నిలబెట్టిన బండకి ఆ నమ్మకంతో పనిలేదు. రెండు బండల మధ్య అడుగున 60 సెం.మీ. ఉంటే పైన 59.4 ఉండొచ్చు. కంటికి ఆనదు. ఇలాంటి తేడాని బయటపెట్టడానికి వడ్రంగులు మూల నుంచి మూలకి టేపు పెడతారు. 60 సెం.మీ. వెడల్పు, 70 సెం.మీ. ఎత్తు ఉన్న అర మొత్తంగా ఓ పక్కకి 6 మి.మీ. వాలితే, రెండు మూల కొలతల మధ్య దాదాపు 8 మి.మీ. తేడా వస్తుంది. అసలు తప్పు కంటే పెద్దదిగా చూపిస్తుంది కాబట్టే ఈ పద్ధతి నమ్మదగింది.

టెలిస్కోపిక్ ఛానెల్‌కి సొరుగు ఒక్కో పక్కన సుమారు 13 మి.మీ. చోటు కావాలి. ఓ మిల్లీమీటరు అటూ ఇటూ సర్దుకుంటుంది. మూడు తగ్గితే గోళీలు నలిగి సొరుగు గరగరమంటుంది, మూడు పెరిగితే ఛానెల్ వదులై ఊగుతుంది. పైగా బండకి నేరుగా మర బిగించడం కష్టం. కడప, తాండూరు బండలు పొరలు పొరలుగా ఏర్పడిన సున్నపురాయి. సుత్తి డ్రిల్లు పెడితే ఆ పొర వెంబడే చిట్లుతాయి. (ఈ రాళ్ల మీద చింతపండు పులుసు ఒలికినప్పుడు మెరుపు పోవడానికి కారణం కూడా సున్నమే, పులుపు దాన్ని కరిగిస్తుంది.)

అందుకే తెలివైన మేస్త్రీ బండ వంకరని సరిచేయడానికి ప్రయత్నించడు. బండల మధ్య కాస్త వదులుగా పట్టే ప్లై పెట్టె ఒకటి బయటే, చదునైన నేల మీద, మూలమట్టానికి చేసుకుంటాడు. దాన్ని లోపలికి జరిపి, రసమట్టం పెట్టి, సందుల్లో చెక్క ముక్కలు దోపి నిలబెడతాడు. వంకర అంతా పెట్టె బయట సందుల్లో ఉండిపోతుంది, సొరుగుకి తెలియదు. సన్‌మైకా ముక్కని ఛానెల్ వెనక పెట్టి మిల్లీమీటరు సర్దడం కూడా ఇక్కడి కార్పెంటర్లకి చేతి అలవాటే.

దీనికి చోటు రూపంలో ధర చెల్లించాలి. 60 సెం.మీ. అరలో పెట్టె గోడ 18, ఛానెల్ 13, సొరుగు పక్క 12, ఇలా ఒక్కో వైపు 43 మి.మీ. పోతుంది. రెండు వైపులా కలిపితే 8.6 సెం.మీ. సొరుగు లోపల మిగిలేది 51 సెం.మీ. పైచిలుకు. అయినా లాభమే అనడానికి కారణం వెనకభాగం. 55 సెం.మీ. లోతు అరలో వెనక సగం చేతికందదు. అక్కడ చేరిన డబ్బా మళ్లీ వెలుగు చూసేది పండగ శుభ్రతలప్పుడే. పూర్తిగా బయటికొచ్చే సొరుగులో వెనక మూల కూడా కళ్ల ముందుకి వస్తుంది. 1926లో ఆస్ట్రియా వాస్తుశిల్పి మార్గరెటే షూటె-లిహోట్స్కీ ఫ్రాంక్‌ఫర్ట్ కార్మికుల ఇళ్ల కోసం గీసిన వంటగదిలో బియ్యం, పంచదార లాంటి వాటికి పిడి ఉన్న అల్యూమినియం సొరుగులు పెట్టింది కూడా ఈ ఆలోచనతోనే. వెతకకూడదు, వంగకూడదు, లాగితే చేతిలోకి రావాలి. సుమారు పదివేల ఇళ్లలో అలాంటి వంటగదులు కట్టారు.

పాత ఫ్రేమ్ ఉంచాలా తీసెయ్యాలా అనేది ఓ స్క్రూడ్రైవర్ తేలుస్తుంది. నేలకి తగిలే చోట పొడిచి చూడాలి. మొన సులువుగా దిగినా, తడితే డొల్ల చప్పుడు వచ్చినా చెదలు లోపల చేరినట్టే. చెదలు వెలుతురుకి రావు, నేల నుంచి మట్టి గొట్టం కట్టుకుని కర్రలోకి ఎక్కుతాయి. కొత్త పెట్టెని నేలకి ఆనించకుండా ఎత్తు కాళ్ల మీద నిలబెడితే ఆ గొట్టం కనబడే చోట కట్టక తప్పదు. అంతదాకా ఏ మందు కొట్టినా కర్ర నేలని తాకుతుంటే నిఘా కష్టం.

వెడల్పు తలుపు, అలసిన కబ్జా

తలుపు బరువు కిందికి లాగుతుందని అందరికీ తెలుసు. కబ్జా మరల్ని ఊడబెరికేది మాత్రం పక్కలాగుడు. తలుపు బరువంతా దాని నడుమ, అంటే కబ్జా నుంచి సగం వెడల్పు దూరంలో ఉన్నట్టు పనిచేస్తుంది. పై కబ్జాని ముందుకి పెరుకుతుంది, కింది కబ్జాని లోపలికి తోస్తుంది.

60 సెం.మీ. ఎత్తు, 45 సెం.మీ. వెడల్పు ఉన్న 19 మి.మీ. ప్లై తలుపు రెండు వైపులా సన్‌మైకాతో కలిపి సుమారు 4 కిలోలు తూగుతుంది. కబ్జాల మధ్య 40 సెం.మీ. ఎడం ఉంటే పై కబ్జా మీద లాగుడు రెండుంపావు కిలోల బరువంత. అదే తలుపుని 60 సెం.మీ. వెడల్పు చేస్తే లాగుడు నాలుగు కిలోలకి పెరుగుతుంది. వెడల్పు మూడోవంతు పెరిగితే లాగుడు ముప్పావు వంతు పెరిగింది, ఎందుకంటే బరువూ పెరిగింది, ఆ బరువు దూరమూ జరిగింది. ఒక్క పెద్ద తలుపు బదులు రెండు చిన్నవి పెట్టమని మేస్త్రీ అంటే అది పని పెంచుకోవడానికి కాదు.

ఇప్పటి దాగుడు కబ్జాకి తలుపు వెనక 35 మి.మీ. గుండ్రటి గుంట తవ్వాలి. లోతు 12 మి.మీ. దాకా పోతుంది కాబట్టి తలుపు కనీసం 16, మామూలుగా 18 మి.మీ. మందం ఉండాలి. మర ఎప్పుడూ ప్లై ముఖంలోకి దిగాలి. అంచులోకి దిగితే పొరల మధ్య చీలికలా పనిచేసి వాటిని విడదీస్తుంది. పాత రంధ్రాలు వదులైపోతే అగ్గిపుల్లలు దోపి మర బిగించడం ఊళ్లలో కనిపించే పద్ధతి. జిగురు పూసిన టేకు పుల్ల కొట్టి, ఆరాక కోసి, మళ్లీ చిన్న రంధ్రం వేసి బిగిస్తే మరకి గట్టి కర్ర దొరికి పట్టు నిలుస్తుంది.

ఈ కబ్జాలో ఉన్న గొప్ప సౌకర్యం మరలతో సర్దుకోగలగడం. పక్కకి, పైకి కిందికి, ముందుకి వెనక్కి తలా రెండు మిల్లీమీటర్ల మేర తలుపుని జరపొచ్చు. ఒకప్పుడు చిత్రిక పట్టాల్సి వచ్చిన తేడాని ఇప్పుడు స్క్రూడ్రైవర్ తీరుస్తుంది.

చప్పుడు ఎటు పోయింది?

దుకాణంలో కొనేవాళ్లని పడేసేది సాఫ్ట్ క్లోజ్. తోసేస్తే ఠపీమని కొట్టుకోవాల్సిన సొరుగు చివర్లో తగ్గి నెమ్మదిగా లోపలికి పోతుంది. లోపల చిన్న గొట్టం, అందులో నూనె, నూనెలో ముషలకం. ముషలకం జరగాలంటే నూనె సన్నని సందులోంచి దూరాలి. నెమ్మదిగా తోస్తే నూనె దారి ఇస్తుంది, వేగంగా తోస్తే అడ్డం తిరుగుతుంది. వేగం ఎంత ఎక్కువైతే అడ్డు అంత ఎక్కువ. సొరుగు తెచ్చిన ఊపు నూనెలో వేడిగా మారిపోతుంది. చివరి కొన్ని సెంటీమీటర్లు లోపలికి లాగేది ఓ స్ప్రింగ్. ఆస్ట్రియా కంపెనీ బ్లమ్ ఈ పద్ధతిని బ్లూమోషన్ పేరుతో 2001లో తెచ్చింది. 1952లో ఆ కంపెనీ మొదట చేసిన వస్తువు గుర్రం జారకుండా నాడాల అడుగున బిగించే మొనలు.

సొరుగు అంచు కొట్టుకోకపోతే మరలు వదులు కావు, గాజు సీసాలు పగలవు. పిల్లలున్న ఇంట్లో వేళ్లు నలగవు. డబ్బు కొరతగా ఉంటే సాఫ్ట్ క్లోజ్ బరువైన కింది సొరుగులకి పెట్టి, పైన చిన్నవాటికి మామూలు ఛానెల్ వేసుకోవచ్చు. దుకాణదారు ఈ సలహా ఇవ్వడు.

> కొత్త కబోర్డు వాసన
>
> కొత్త వుడ్‌వర్క్ తలుపు తీయగానే కళ్లు మండించే ఘాటులో ఫార్మాల్డిహైడ్ ఉంటుంది. యూరియా జిగురు వాడిన ప్లై, ఎండీఎఫ్, పార్టికల్ బోర్డుల నుంచి ఇది నెలల తరబడి వెలువడుతుంది. వేడి, తేమ పెరిగితే వేగం పెరుగుతుంది. క్యాన్సర్ పరిశోధనకి సంబంధించిన అంతర్జాతీయ సంస్థ ఐఏఆర్‌సీ 2004లో దీన్ని మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల జాబితాలో చేర్చింది. పలకల మీద ఈ1, ఈ0 అని ఉండేవి ఈ వాయువు ఎంత తక్కువ వస్తుందో చెప్పే శ్రేణులు. ఈ0లో ఇంకా తక్కువ. అంచులన్నీ మూసేస్తే వెలువడే దారులు తగ్గుతాయి. సామాను సర్దకముందు కొన్ని వారాలు సొరుగులు, తలుపులు తెరిచి కిటికీ తీసి ఉంచడం మంచిది.

ఏ నెలలో, ఎంత సందు?

పని ఎప్పుడు పెట్టుకుంటున్నారో మేస్త్రీకి తెలుసు కానీ దాన్నిబట్టి సందు మార్చడం చాలామందికి అలవాటు లేదు. మే నెలలో కర్ర బాగా ముడుచుకుని ఉంటుంది. ఆ రోజుల్లో టేకు తలుపుని ఫ్రేమ్ లోపల బిగుతుగా కూర్చోబెడితే వానలకి పట్టేస్తుంది, కనుక 3 మి.మీ.కి తగ్గకుండా వదలాలి. ఆగస్టులో చేసిన టేకు తలుపు అప్పటికే ఉబ్బి ఉంటుంది, ఒకటిన్నర మిల్లీమీటరు చాలు, ఎండాకాలంలో అదే విచ్చుకుంటుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా కర్ర నడిమి స్థితిలో ఉంటుంది కాబట్టి లెక్క తప్పే అవకాశం తక్కువ. ఏ నెలైనా దుకాణం నుంచి తెచ్చిన కర్రని కోయకముందు ఓ రెండు వారాలు ఆ ఇంట్లోనే, గాలి ఆడేలా మధ్యలో పట్టీలు పెట్టి పేర్చి ఉంచాలి. ప్లై తలుపులకి ఈ తిప్పలు లేవు. రెండు తలుపుల మధ్య ఏడాదంతా 2 నుంచి 3 మి.మీ. సరిపోతుంది. మొదటి వానాకాలం దాటాక మేస్త్రీ ఒకసారి వచ్చి కబ్జా మరలు సర్దాలన్న మాట ముందే బేరంలో కలిపి, ఆఖరి వాయిదా అప్పటిదాకా ఆపుకున్నవాళ్లు తెలివైనవాళ్లు.